నువ్వులు తేలిన నీళ్ళు

మొన్న మా చిన్న కోడలికి కడుపులో రాళ్ళున్నాయని సూర్యాపేటలో హైవే పక్కనున్న ఒక ఆసుపత్రిలో చేర్చారు. వెంట ఉండడానికి పోయేది మా మనుమరాలు. ముందురోజు సాయంత్రం అది మంచం మీద సంచి పెట్టుకుని, ఫోన్ చూస్తూ ఒక్కొక్కటే సర్దుతుంటే నేను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. తువ్వాళ్ళు, దుప్పటి, చెప్పులు, ఛార్జర్, చెవుల్లో పెట్టుకునేవి, సబ్బు, దువ్వెన, పాత రిపోర్టులు, బిస్కెట్లు, ఏసీ చలికి తట్టుకోవడానికి ఒక స్వెట్టరు. "నానమ్మా, ఇంకేమన్న మర్చిపోయిన్నా?" అని అడిగింది. నీళ్ళు అన్నాను. "గాడ క్యాంటీన్ల బాటిళ్ళు దొరుకుతయి" అంది. బాటిల్ నీళ్ళు కాదే, ఇంటి నీళ్ళు అన్నాను. పిల్ల పగలబడి నవ్వి, వాళ్ళ నాన్నను పిలిచి మరీ చెప్పింది. వాడూ నవ్వాడు. ఈ ఇంట్లో నా మీద నవ్వడానికి ఎవరికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, నేనూ పట్టించుకోను. కానీ ఆ మాట నా నోటికి ఎందుకొచ్చిందో నాకు తెలుసు. దాని వెనకున్న సంగతి మాత్రం ఇన్నేళ్ళలో పిల్లలకు చెప్పలేదు. నమ్మరేమోనని కాదు, నమ్మి భయపడతారని.

మాది ఆత్మకూరుకు ఎడంగా, సూర్యాపేటకు పోయే బండ్ల బాట నుంచి కాస్త లోపలికి ఉన్న చిన్న పల్లె. మా పెరట్లో రాతి ఒర కట్టిన చేదబావి ఉండేది. ఆ నీళ్ళకు ఒక రుచి ఉండేది. ఉప్పనా కాదు, తియ్యనా కాదు, కొత్త కుండను నాలుకతో తాకితే వచ్చే రుచి. కళ్ళకు గంతలు కట్టి ఊళ్ళోని బావుల నీళ్ళన్నీ వరసగా తాపినా మా బావి నీళ్ళు ఏవో నేను చెప్పగలిగేదాన్ని. మా నాయనమ్మ పొద్దున్నే చేద వేసిన చప్పుడుతోనే ఇల్లు లేచేది. గిలక కీచుకీచుమంటుంటే నాయన నూనె పెడతానని పోయేవాడు, ఆమె పెట్టనిచ్చేది కాదు. "అది గట్ల మొత్తుకుంటెనే నాకు పొద్దు పొడిచినట్టుంటది" అనేది. తర్వాత పిడకల పొగ, ఉడుకుతున్న జొన్నగటక వాసన, వాకిట్లో చల్లిన పేడనీళ్ళ వాసన, వీటన్నిటి మీదుగా ఆమె గొంతు. ఎవరికి ఏ జబ్బు చేసినా ఆమెకు కారణం ఒక్కటే. జ్వరమొచ్చినా, పసిపిల్ల ఊరికే ఏడ్చినా, ఎద్దు మేత మానేసినా "నీళ్ళు పడలే" అనేది.

మా అమ్మ మిర్యాలగూడ పిల్ల. కొత్త కోడలు పుట్టింటి నీళ్ళు సొరకాయ బుర్రలో పట్టుకుని అత్తింటికి రావడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. వచ్చిన కొత్తలో ఆ నీళ్ళలో అత్తింటి బావి నీళ్ళు కొంచెమే కలిపి తాపేవారు. తర్వాత సగం సగం. ఆ తర్వాత పుట్టింటి నీళ్ళు పేరుకు నాలుగు చుక్కలు. బుర్ర ఖాళీ అయ్యేసరికి పిల్ల ఈ ఇంటి మనిషైనట్టు. మా అమ్మకు అలా కలిపి తాపింది నాయనమ్మే. "నీ నాలిక మీదికెల్లి మిర్యాలగూడను దింపింది నేనే" అని మురిపెంగా దెప్పేది. అత్తాకోడళ్ళు పోట్లాడుకోని పూట లేదు. ఉప్పు దగ్గర పోట్లాట, పొయ్యిలో కట్టె దగ్గర పోట్లాట. కానీ అమ్మ ఏదైనా పెళ్ళికని పుట్టింటికి పోతే నాయనమ్మ అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండేది, తినేది కాదు.

ఆ అమ్మకు విడవని జ్వరం పట్టుకుంది. కషాయాలు, తాయెత్తులు అన్నీ అయ్యాక, మనిషి మంచంలో ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాల్సినంత అయిపోయాక, సూర్యాపేట దవాఖానకు తీసుకుపోదామని నాయన బండి కట్టాడు. అప్పటికి నాకు పెళ్ళయింది గానీ కాపురానికి పోలేదు. అవి నవాబు మనుషులకూ సంఘం వాళ్ళకూ గొడవలు ముదిరి, మగవాళ్ళు పట్నంలో కనపడడానికి జంకే రోజులు. ఏ ఊరివాడివి, ఎవరి దిక్కువాడివి అని అడిగితే ఏ జవాబు చెప్పినా తంటాయే. ఏ పల్లె మీద ఎప్పుడు ఎవరు వచ్చి పడతారో తెలియదు. ఆడపిల్లనైతే ఎవరూ ఆరా తీయరని దవాఖానలో నన్ను ఉంచాలనుకున్నారు. నాయనమ్మే అన్నీ సర్దింది. చాప, గొంగడి, వండుకునే కుండ, బియ్యం మూట, చింతపండు, ఉప్పు, ఎండు మిరపకాయలు, చిన్న కట్టెల మోపు, అమ్మ మంచం కింద పెట్టడానికి పాత కొడవలి, వేపమండలు. అన్నిటికంటే చివర, మూతికి వేపాకు కుక్కిన సొరకాయ బుర్ర నిండా మా బావి నీళ్ళు. "గాడి నీళ్ళు ఒక్కపాలి తాపకు. కలుపుకుంట తాపు. ఇవి ఒడిసేలోపట ఇంకోటి పంపుత. అంగడికి పోయే బండ్లుంటయి" అంది. బండి కదిలాక అమ్మ తల నిమిరి "జల్దిన రా నర్సూ, నాతోని కొట్లాడెటోళ్ళు లేరు" అంది. అమ్మ కళ్ళు తెరవలేదు.

దవాఖాన వెనక రోగుల వెంట వచ్చినవాళ్ళ కోసం ఒక రేకుల కొట్టం ఉండేది. లోపల వరసగా మూడేసి రాళ్ళ పొయ్యిలు. ఎవరి పొయ్యి వారిదే. రోగి బాగై ఇంటికి పోతే ఆ రాళ్ళ మీద కొత్తవాళ్ళు వెంటనే కుండ పెట్టేవారు. రోగి చనిపోతే మాత్రం ఆ పొయ్యి జోలికి కొన్నాళ్ళు ఎవరూ పోయేవారు కాదు. కాబట్టి కొట్టంలో అడుగు పెట్టగానే ఏ పొయ్యి చల్లగా ఉందో చూస్తే లోపలి సంగతులన్నీ తెలిసిపోయేవి. ఎవరూ చెప్పకుండానే నాకూ అది తెలిసిపోయింది. నా పక్క పొయ్యి మరియమ్మది. కోదాడ పక్క ఊరి మనిషి, భర్తకు కాలు కుళ్ళితే తీసుకొచ్చింది. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి, అడగకుండానే మన కుండలో ఉప్పు వేసే రకం. మందులిచ్చే సిస్టరమ్మ మొదటిరోజే "నీళ్ళు మరగకాచి చల్లార్చి తాపు, పచ్చినీళ్ళు పోస్తే పేగులు తెగిపోతయి" అని గట్టిగా చెప్పింది. నేను బుర్ర నీళ్ళు కాచి, చల్లార్చి, దవాఖాన బావి నీళ్ళు కొంచెం కలిపి తాపేదాన్ని. వట్టి దవాఖాన నీళ్ళు పోస్తే అమ్మ ఆ జ్వరంలోనే పెదవులు బిగబట్టేది. బుర్ర నీళ్ళైతే తాగేది. అందుకే నాకు ఆ నీళ్ళు అయిపోతాయేమోననే బెంగ తప్ప వేరే ధ్యాస లేదు.

నాయనమ్మ మాట తప్పలేదు. అంగడి రోజున నేను మధ్యాహ్నం అమ్మ దగ్గర నుంచి కొట్టంలోకి వచ్చేసరికి నా పొయ్యి పక్కన నిండు బుర్ర పెట్టి ఉండేది. ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ చూసి ఉండరు. మిట్టమధ్యాహ్నం కొట్టంలో జనం తిని చాపల మీద ఒరిగి ఉంటారు. రేకులు ఎండకు టకటకమని చప్పుడు చేస్తుంటాయి. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. బుర్ర మాత్రం తడితడిగా, చల్లగా ఉండేది, ఇప్పుడే ఎవరో తోడి పెట్టినట్టు. మూతికి వేపాకు. బండివాళ్ళు తెచ్చి పెడుతున్నారని నేను ధీమాగా ఉన్నాను. పాత బుర్రను పొయ్యి పక్కనే పెడితే అదీ మాయమయ్యేది.

ఒకరోజు మరియమ్మ తమ్ముడు కోదాడ నుంచి వచ్చాడు. నా వంక చూస్తూ అక్కతో మెల్లగా ఏదో చెప్పాడు. మరియమ్మకు మెల్లగా మాట్లాడడం రాదు కాబట్టి నన్ను పిలిచేసింది. "అండాలూ, మీ నాయన కబురు పంపాడమ్మా. మీ ఊళ్ళో ఇప్పుడెవరూ లేరంట. నిన్ను దింపిపోయిన వారానికే ఊరు ఊరంతా కోదాడ మీదుగా రాజ్యం హద్దు దాటిపోయి అవతల గుడిసెలు వేసుకున్నారంట. గొడవలు సద్దుమణిగేదాకా నువ్వు అమ్మను తీసుకుని ఇక్కడే ఉండాలంట" అంది. మా నాయనమ్మ కూడా అక్కడే ఉందా అని అడిగాను. తమ్ముడు తల గోక్కున్నాడు. "ముసలామె అందరితోనే బయలెల్లిందట గని, నడిమిట్ల ఏడనో బండి దిగి కనపడకుంట పోయిందట. వెనుకకు మళ్ళి ఎతికే పరిస్థితి లేకుండె" అన్నాడు. నేను నా పొయ్యి వైపు చూశాను. అంతకు ముందు అంగడికి వచ్చిన బుర్ర అక్కడ సగం నిండి ఉంది. ఊళ్ళో మనుషులు లేనప్పుడు ఆ నీళ్ళు తోడింది ఎవరు? నీళ్ళు మా బావివే. ఆ రుచిలో నాకు ఏమాత్రం అనుమానం లేదు.

మళ్ళీ అంగడి రోజు వచ్చింది. మళ్ళీ బుర్ర వచ్చింది. మూతికి వేపాకు లేదు, తులసి కొమ్మ ఉంది. కుండలోకి వంచితే నీళ్ళతో పాటు నల్లగా ఏవో జారిపడ్డాయి. చీమలనుకున్నాను. వేలితో తీసి చూస్తే నువ్వులు. మా ఇంట్లో నీళ్ళలో నువ్వులు వేసేది పోయినవాళ్ళకే. పెత్రమాసనాడు నాయన తాతలకు వదిలే నీళ్ళు అవి. వాటిని బతికున్నవాళ్ళు తాకకూడదని మమ్మల్ని ఆమడ దూరం తరిమేవారు. మరియమ్మ చూసి "నువ్వులే కదా, బలమని వేసుంటారు" అంది. ఆమెకు మా ఇళ్ళ పద్ధతులు తెలియవు. లోపల అమ్మ నీళ్ళు నీళ్ళు అంటోంది. ఆ నీళ్ళు తప్ప ముట్టదు. పారబోస్తే దాహంతో పోతుంది. తాపితే బతికున్న తల్లికి పోయినవాళ్ళ నీళ్ళు తాపినట్టు. నేను కొంగు నాలుగు మడతలు వేసి వడగట్టాను. గింజలు దూరంగా చెత్తలో వేసి, నీళ్ళు తెర్లేదాకా కాచి, చల్లార్చి తాపాను. అమ్మ గటగటా తాగి, ఎన్నో రోజుల తర్వాత కళ్ళు విప్పి నన్ను పేరు పెట్టి పిలిచింది. సంతోషపడాలో భయపడాలో తెలియక నేను ఏడ్చాను.

ఆ తర్వాతి అంగడినాడు నేను కొట్టం కదలలేదు. పొద్దున్నుంచి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ఒక బండాయన తలకు రుమాలు చుట్టుకుని, చేయి ఒంటికి దూరంగా చాపి బుర్రను పట్టుకుని వచ్చాడు, అది కరుస్తుందేమోనన్నట్టు. నన్ను చూసి బుర్ర అక్కడే వదిలి పోబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. "నన్నేమి అడగకు బిడ్డా" అన్నాడు. అడగకుండా ఎట్లా? చివరికి కూలబడి చెప్పాడు. "మీ ఊర్ల మనిషి పురుగు లేదు. అన్ని తలుపులు తెరిచే ఉన్నయి. బండి మీ ఊరి మలుపు కాడికి రాంగనే ఓ ముసలామె బాట నడిమిట్ల నిలవడుతది. ఒక్క మాట మాట్లాడది. బండ్ల బుర్ర పెట్టి, దవాఖాన దిక్కు చెయ్యి చూపిస్తది. వద్దందామంటె ఎద్దులు అడుగు ముందుకెయ్యవు. ఆమె బతికున్న మనిషా కాదా నాకు తెల్వది. నేను తల ఎత్తి సూడలే." ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదా అన్నాను. ఆయన రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఒక్కనాడు అడిగింది. మా కోడలెట్లున్నదని. నాకేమెరుక? అంతకుముందు నేనొచ్చినప్పుడు ఎవరో ఆడమనిషి శవాన్ని గేటుకాడ బండికెక్కిస్తున్నరు. పోయిందవ్వా అని చెప్పిన. గట్ల చెప్తె ఇగ పంపదనుకున్న. ఆమె ఏడ్వలే. ఇంట్లకు పోయి మళ్ళ గీ బుర్రనే పట్టుకొచ్చింది."

నా కోపానికి ఆ మనిషి మీద మన్ను ఎత్తిపోసేదాన్నే. కానీ ముందు అమ్మ బతికే ఉందని నాయనమ్మతో చెప్పమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నేనిగ ఆ బాట పోను" అని దండం పెట్టి పోయాడు. నిజంగానే ఆయన మళ్ళీ ఆ బాట పట్టలేదని తర్వాత ఇంకో బండివాడు చెప్పాడు. అయినా మరుసటి అంగడికి నా పొయ్యి పక్కన బుర్ర ఉంది. ఈసారి తెచ్చిందెవరో ఈనాటికీ నాకు తెలియదు. ఇంకో బండి ఏదో తెచ్చి ఉంటుందని అనుకుంటాను. అనుకోవడం తేలిక.

నువ్వుల సంగతి అమ్మ నుంచి దాచాలనుకున్నాను. దాగలేదు. ఒకరోజు నీళ్ళు తాగాక పంటి కింద ఏదో తగిలితే తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను కొంగుతో ఎంత వడగట్టినా ఒక గింజ తప్పించుకుంది. "అండాలూ, ఎవరికే ఈ నీళ్ళు?" అంది. అమ్మ అన్నీ రాబట్టింది, బండాయన మాటలతో సహా. భయపడుతుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది. "నన్ను సచ్చిందనుకోని ఒక్కతే గా ఊర్ల కూసున్నదా ముసల్ది? నేను పోయి కనవడాలె" అంది. అప్పటి నుంచి గంజి వద్దనలేదు, మందు వద్దనలేదు. సిస్టరమ్మ చెప్పకముందే లేచి గోడ పట్టుకుని నడిచేది. అత్త ఎదుట నిలబడాలన్న పంతమే మా అమ్మను లేపిందని నేను నమ్ముతాను, మందుకు ఎంత పేరు రావాలో అంతా ఇస్తూనే. నాయన రమ్మనేదాకా ఆగుదామని నేనంటే వినలేదు. నడవగలిగిన రోజే మరియమ్మకు చెప్పి, ఒక బండి మాట్లాడుకుని బయలుదేరాం. మా ఊరి మలుపు దగ్గర ఈ కొత్త బండివాడు కూడా ఎద్దులను ఆపేశాడు. లోపలికి రానన్నాడు.

నడిచాం. ఎండ నిలువునా పడుతోంది. నీడలు కాళ్ళ కిందకు పోయాయి. ఊళ్ళో కుక్క లేదు, కోడి లేదు. గాలికి ఏదో తలుపు కొట్టుకుంటోంది. మొదటి ఇంటి ముందు గడప మీద ముంత కనిపించింది. నిండా నీళ్ళు. పైన నువ్వులు. రెండో ఇంటి ముందూ ముంత. ఆ వాడకట్టులో ఒక్క గడప కూడా వదలకుండా అన్ని ఇళ్ళ ముందూ నిండు ముంతలు, నిండు మట్టి కంచుళ్ళు, అవి లేనిచోట పగిలిన కుండ పెంకులు. అన్నిట్లో నువ్వులు. కొన్నిచోట్ల చీమలు వరస కట్టి ఆ గింజలను మోసుకుపోతున్నాయి. ఎవరు బతికారో ఎవరు పోయారో తెలియక ఆమె అందరికీ పెట్టింది. పెట్టినవి ఎండిపోతే మళ్ళీ నింపింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరిలో ఎవరి చెయ్యి ఎక్కువ చల్లగా ఉందో చెప్పలేను. అప్పుడు మా పెరటి వైపు నుంచి గిలక కీచుమంది.

నాయనమ్మ చేద లాగుతోంది. సన్నబడింది గానీ మనిషి నిటారుగానే ఉంది. అలికిడికి తిరిగి మమ్మల్ని చూసింది. మొహాలు చూడలేదు, ముందు మా కాళ్ళ వంక చూసింది, మడమలు ఎటున్నాయో చూసుకున్నట్టు. "అత్తా, నేను నర్సమ్మను" అంది అమ్మ. నాయనమ్మ చేద గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. "నీళ్ళు పంపుతనే ఉన్న గద బిడ్డా. అందుతలేవా? మళ్ళ ఎందుకొచ్చినవు?" అంది. అమ్మ ముందుకు పోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత నన్ను దగ్గరకు రమ్మని, నా చెంపలు తడిమి, నా చెవిలో "నువ్వు బతికే ఉన్నవు. మీ అమ్మ నీ ఎంబడి పడ్డది. వెనుకకు సూడకు" అంది. ఆ నిశ్శబ్దంలో బావి పక్కన నిలబడ్డ అమ్మకూ అంతా వినపడింది. ఇంత దూరం ఆమె నడిచి వచ్చింది ఆ మాట వినడానికా!

కొన్ని నెలలకు భయాలు తగ్గి ఊరు తిరిగి వచ్చింది. నాయన వచ్చాడు. నాయనమ్మ అతని మొహం తడిమి నమ్మింది. వచ్చిన ప్రతివాళ్ళనూ అలాగే నమ్మింది. మా అమ్మను మాత్రం నమ్మలేదు. ఎంతమంది చెప్పినా ఒకటే జవాబు. "నా చేతులతోని నువ్వుల నీళ్ళు వదిలిన. వదిలినంక మనిషి ఎట్లొస్తది?" మిగతా అన్ని విషయాల్లో ఆమె బుద్ధి కత్తిలా ఉండేది. లెక్కలు చెప్పేది, అల్లుళ్ళను తిట్టేది, దూడకు ఏ మందో చెప్పేది. అమ్మతో పోట్లాట మాత్రం మానేసింది. అమ్మ వండింది తినేది కాదు. రోజూ పొద్దు గూకేముందు పెరట్లో విస్తరి వేసి, అన్నం, పక్కన ముంతలో నీళ్ళు పెట్టి "తిని పో బిడ్డా, ఈడ తిరగకు" అని మంచిగా చెప్పేది. నాయన కోప్పడ్డాడు, బతిమాలాడు, ఒకసారి ముంత తన్నాడు కూడా. అమ్మ వద్దంది. పోయి ఆ విస్తరి ముందు కూర్చుని తినేది. నీళ్ళు తాగేది. పక్కింటి పిల్లలు గోడ మీద నుంచి చూసి పరిగెత్తేవారు. కొందరు పెద్దవాళ్ళు కూడా అమ్మకు ఎదురుపడితే పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి నా తల దువ్వుతూ అమ్మ అంది, "రోజు పెట్టిందే తింటాంటె, ఒక్కోపాలి నాకే అనుమానమొస్తదే అండాలూ." నవ్వుతూనే అంది. కానీ లేచి వెళ్ళేటప్పుడు తన పాదాల వంక చూసుకుంది.

నేను కాపురానికి పోయాక నాయనమ్మ బావి గట్టు మీద జారి పడింది. తుంటి విరిగింది. మళ్ళీ సూర్యాపేట దవాఖానకే తీసుకుపోయారు. కబురందుకుని నేను పోయేసరికి అమ్మ అప్పటికే చాప పరిచి ఆమె మంచం పక్కన కూర్చుని ఉంది. మంచం కింద కొడవలి లేదు, వేపాకు లేదు. దయ్యాలు రాకుండా పెట్టేవి అవి. అవి ఉండగానే తాను దగ్గర కూర్చుంటే ముసలామె ఇంకా బెదురుతుందని అమ్మ కావాలనే ఇంటి దగ్గర వదిలేసి వచ్చింది. బియ్యం, ఉప్పు, గొంగడి అన్నీ తెచ్చింది, అవొక్కటే తేలేదు. ఇప్పటి ఆసుపత్రుల్లో రోగి పక్కన ఒకరే ఉండాలి, మెడలో చీటీ వేసుకోవాలి, వేళ కాగానే బయటికి పంపేస్తారు. మా మనుమరాలు పాపం రెండురోజులు ప్లాస్టిక్ కుర్చీలో నిద్రపోతూ లేస్తూ గడిపింది. కోడలికి కావాల్సినవన్నీ ఫోన్ చేస్తే వార్డు తలుపు దాకా వచ్చాయి. పిల్ల బాగానే చూసుకుంది, తప్పు పట్టను. ఆ రేకుల కొట్టం, ఆ పొగ, ఆ ఈగలు మళ్ళీ రావాలని కోరుకునేంత పిచ్చిదాన్ని కాదు. కానీ ఆనాడు మా అమ్మ అత్త పక్కన కూర్చున్నట్టు కూర్చోవడానికి ఏ సంచిలో ఏం సర్దుకోవాలో, అది ఆ ఫోన్‌లో ఉంటుందని నేననుకోను.

నాయనమ్మకు అర్థమైపోయింది తాను ఇక లేవనని. ఖాళీ ఊళ్ళో ఒక్కతే అన్నాళ్ళు ఉన్న మనిషి, బండ్లకు అడ్డం నిలబడ్డ మనిషి, ఆ మంచం మీద చిన్నపిల్లలా భయపడింది. నన్ను పట్టుకుని "ఒక్కదాన్నే పోవాల్నా అండాలూ, బాట తెల్వదే" అని ఏడ్చింది. నాయన ఆమె కాళ్ళ మీద గొంగడి సర్దాడు. పొద్దున్నే కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. అప్పుడు నాయనమ్మ అమ్మ వైపు తిరిగింది. అన్నాళ్ళలో మొదటిసారి తనంతట తాను పిలిచింది.

"నర్సూ, నువ్వు ముందుగాల పోయినదానివి గద. నా కోసమే వచ్చినవా?"

నాయన కాదని చెప్పబోయాడు. అమ్మ అతని చెయ్యి నొక్కి ఆపింది.

"అవునత్తా. నిన్ను తోలుకపోనీకే వచ్చిన. బాట నాకెరుకే. భయపడకు."

నాయనమ్మ మెల్లగా చెయ్యి చాపింది. అమ్మ అందుకుంది. ముసలామె నుదురు ముడిపడింది. "నీ చెయ్యి ఎచ్చగున్నదేందే?" అంది.

"నీకు సలి పెడతదని ఎచ్చ చేసుకోనొచ్చిన అత్తా" అంది అమ్మ.

నాయనమ్మ మొహంలో భయం పోయింది. ఆ చెయ్యిని తన చెంప కింద పెట్టుకుని, పక్కకు ఒత్తిగిల్లి, కళ్ళు మూసుకుంది. సిస్టరమ్మ వచ్చి నాడి చూసి, ఇక లేదని చెప్పి, చెయ్యి తీసుకోవచ్చమ్మా అని రెండుసార్లు అంది. అమ్మ తీయలేదు. ఇప్పుడే తీస్తే నడిమధ్యలో వదిలేసిందనుకుంటది, ఇంకొంచెం దూరం పోనీయమంది.